ఊపిరికి లేచిన అక్షరాలు

కిందటి వారం మనం హుమేరాను నంద్యాలలో, ఆమె తండ్రి మదార్ వదిలివెళ్ళిన ఇనప పెట్టె ముందు, నెత్తిన చేతులు పెట్టుకున్నదాన్ని పెట్టుకున్నట్టే వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా అలాగే కూర్చుందేమో! గుర్తున్నవాళ్ళు కాసేపు ఓపిక పట్టండి, లేనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

మదార్ పాతకాలం రేడియో మెకానిక్. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోలనూ మైకు సెట్లనూ పాడించిన గాజు వాల్వులంటే ఆయనకు ప్రాణం. ఇరవై ఏడేళ్ళ కిందట ఆళ్లగడ్డ గురుమూర్తి శెట్టి తన టూరింగ్ టాకీస్ యాంప్లిఫయర్ లోంచి నాలుగు పెద్ద వాల్వులు పోయాయనీ, చివరిసారి ఆ పెట్టె విప్పింది మదారేననీ నడిబజారులో అతన్ని దొంగ అన్నాడు. మదార్ జవాబు చెప్పలేదు. తలెత్తి శెట్టి ఇంటి వాకిలి వైపు ఒకసారి చూసి, వచ్చిన బస్సులోనే వెనక్కి పోయాడు. ఆ తర్వాత చచ్చేదాకా ఆళ్లగడ్డలో కాలు పెట్టలేదు.

ఇప్పుడు ఆ అంగడి హుమేరాది, ఆ పనితనమూ ఆమెదే, ఆ మచ్చా ఆమెదే. పోయిన నెల గురుమూర్తి శెట్టి తనంతట తానే కబురు పెట్టి ఆ యాంప్లిఫయర్ బాగు చేయమన్నాడు. కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది పోతోంది, అది కూడా మూతపడేలోగా ఒక్కసారి వినాలని ముసలాయన పట్టు. హుమేరా కండెన్సర్లు మార్చింది, వైర్లు మార్చింది. తక్కువైనవి ఆ నాలుగు వాల్వులే. సరిగ్గా అప్పుడే తండ్రి పెట్టె తాళంచెవి దొరికింది. లోపల అదే రకం పెద్ద వాల్వులు ఆరున్నాయి. కానీ హుమేరా చూసేలోగా తల్లి మాబున్నీ వాటిని చింతపండూ బూడిదా వేసి, ఇత్తడి బిందెలు తోమినట్టు తోమేసింది! గాజు మీది అచ్చు పోయింది, నంబర్లు పోయాయి, మదార్ ఇంకు పెన్నుతో రాసుకున్న రాతలు కూడా పోయాయి. "కొనేటోళ్ళు వస్తాండారంటివి గదా, మసి పట్టిన సరుకు చూపిస్తామా?" అంది తల్లి. ఆ కొనేటాయన బెంగళూరు ఓంప్రకాష్. ఉన్నవాళ్ళ ఇళ్ళకు వాల్వు యాంప్లిఫయర్లు కట్టి ఇచ్చే మనిషి. ఇలాంటి వాల్వుల కోసం విదేశాల్లో ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళున్నారని చెప్పినవాడే, వీటిని చేతిలో తిప్పి చూసి, "అచ్చు లేకపోతే ఇవి గాజు బుడ్లమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆరింట్లో నాలుగు శెట్టివేనా? అయితే తండ్రి దొంగే. కావా? అయితే కాదని చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. ఇదీ హుమేరా నెత్తిన చేతులు పెట్టుకోవడానికి కారణం.

ఇక ఈ వారం.

డిసెంబరు పొద్దున. హుమేరా ఆరు వాల్వులనూ దూదిలో చుట్టి మూడు గిన్నెల క్యారియర్‌లో, గిన్నెకు రెండు చొప్పున పడుకోబెట్టింది. మాబున్నీ వాకిట్లో అడ్డం నిలబడింది.

"వద్దు బేటీ. తీసకపోవద్దు. పోయినాయన ఎట్లా పోయె. ఇంగ దాన్ని కెలకొద్దు."

"శెట్టికి మాటిచ్చినా అమ్మా. పెట్టెలో ఏముంటే అది తెచ్చి చూపిస్తానన్యా."

"చూపిస్తే ఏమొస్తాది? అవి శెట్టివే అని తేలితే?"

"తేలనీ. దొంగ బిడ్డనైతే దొంగ బిడ్డనే. తెలీకుండా బతికేది మాత్రం నా చేత కాదు."

ఈ పిల్లలో నాకు నచ్చేది ఇదే. పిల్ల అంటున్నాను గానీ ముప్పై ఆరేళ్ళ మనిషి. మాబున్నీ ఇంకేదో అనబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతివేళ్ళ సందుల్లో చింతపండు మరక ఇంకా ఉంది.

బస్సులో కిటికీ పక్కన, ఒళ్ళో క్యారియర్ పెట్టుకుని కూర్చుంది హుమేరా. పక్క సీటులో అంకమ్మ అనే పెద్దావిడ, "ఏం కూర పాపా?" అని అడిగింది. "కూర కాదవ్వా, మా నాయన సొత్తు" అంది హుమేరా. అంకమ్మ అర్థం కాకపోయినా క్యారియర్ కదలకుండా తానూ ఒక చేయి వేసి పట్టుకుంది. కిటికీ అద్దం సరిగ్గా పడక దారంతా చలిగాలి. గిన్నెలు ఐసు ముక్కల్లా అయ్యాయి.

ఆళ్లగడ్డలో గురుమూర్తి శెట్టి ఇల్లు బజారులోనే. పక్కన రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళ షెడ్డు. పొద్దు పొడిస్తే చాలు, ఉలి చప్పుడు మొదలవుతుంది, పొద్దు కుంకితేనే ఆగుతుంది. శెట్టికి ఆ చప్పుడు వినపడక పదేళ్ళయింది.

ముందుగదిలో బల్ల మీద యాంప్లిఫయర్ ఉంది. బీరువా అంత కాదు గానీ, ఇద్దరు మగవాళ్ళు ఎత్తితే తప్ప లేవదు. పక్కనే నోరు తెరుచుకుని ఇత్తడి రంగు లౌడ్‌స్పీకర్ హారన్. శెట్టి చెవిమిషను సర్దుకుని, హుమేరాను తన ఎడమ పక్కకు రమ్మన్నాడు.

"తెచ్చినావా?"

"తెచ్చినా శెట్టిగారూ. అచ్చు పోయింది. మా యమ్మ కడిగేసింది."

"కడిగేసిందా?" శెట్టి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు, హుమేరాకు అసలే నచ్చలేదు. "మొగుడు ఎత్తకపోయె, పెండ్లాం గుర్తులు చెరిపె. బాగుంది సంసారం."

"శెట్టిగారూ!" హుమేరా గొంతు లేచింది. "మీకు డెబ్బై ఎనిమిదేండ్లు. ఆ మర్యాదకు గమ్మునుండా. దాచుకునే దాన్నయితే ఈ క్యారియర్ మోసుకోని మీ గడప తొక్కుతానా?"

శెట్టి జేబులోంచి మడతలు చిరుగుతున్న పాత కాగితం తీశాడు. వాల్వులు కొన్ననాటి రసీదు. దాని మీద నాలుగు నంబర్లున్నాయి. మొదటి వాల్వు అందుకుని కిటికీ వెలుగులో తిప్పాడు. నున్నటి గాజు. తలకాయ దగ్గర లోపలివైపు వెండిపూత మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఆ పూత పాలలా తెల్లబడితే లోపలికి గాలి పోయినట్టు, వాల్వు చచ్చినట్టు. ఇది బతికే ఉంది. కానీ ఎవరిదో చెప్పదు.

"ఏమీ ల్యా" అన్నాడు శెట్టి. తన కళ్ళజోడే మసకబారిందనుకున్నట్టుంది. జోడు తీసి హా అని ఊది, పంచె చెంగుతో తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ చూశాడు. లేదు. ఈసారి అదే అలవాటున చేతిలో ఉన్న వాల్వు మీద కూడా హా అని ఊదాడు.

చల్లబడిన గాజు మీద ఆవిరి తెల్లగా పరుచుకుంది. ఆ తెలుపులో అక్షరాలు లేచాయి.

శెట్టి చేయి అట్లాగే నిలిచిపోయింది. హుమేరా దగ్గరికి వంగింది. ఏళ్ళ తరబడి ఇంకు అంటుకుని ఉన్న చోట గాజు ఆవిరిని ఒకలా పట్టుకుంటుంది, ఖాళీ చోట ఇంకొకలా. దానికి కారణం ఇంతే. కారణం తెలిసిన నాకే రాస్తుంటే ఒళ్ళు గగుర్పొడుస్తోంది, ఎదురుగా చూసినవాళ్ళ సంగతి ఇక చెప్పాలా? పైన విదేశీ కంపెనీ అచ్చు, దాని కింద నంబరు. ఇంకా కింద సన్నగా, గుండ్రంగా, తలకట్లు కుదురుగా పెట్టిన తెలుగు రాత. ఆవిరి ఎంతసేపుంటుంది? మూడు లెక్కపెట్టేలోగా అంచుల నుంచి ఆరిపోయి మళ్ళీ ఉత్త గాజు మిగిలింది.

"మా నాయన రాత" అంది హుమేరా. తండ్రి పోయి ఏడాదయింది. ఆయన చేతిరాత ఇంకొకరి ఊపిరిలో లేస్తుందని ఆమె ఏనాడైనా అనుకుందా?

"నంబరు... నంబరు నాదే" అన్నాడు శెట్టి కాగితం వైపు చూసి. "ఇంగోసారి ఊదు పాపా. నాకు ఊపిరి చాలదు."

హుమేరా ఊదింది. ఇద్దరూ తలలు ఆనించి చదివారు. "ఆళ్లగడ్డ శెట్టివి. మొత్తం నాలుగు." మదార్ పద్ధతి అది. తన దగ్గరకు ఏ సరుకు వచ్చినా ఎవరిదో, ఎప్పుడొచ్చిందో, ఎందుకొచ్చిందో దాని ఒంటి మీదే రాసేవాడు. కాగితాలు పోతాయి, మనుషులు మరిచిపోతారు అనేవాడు.

రెండోది. "1997 మార్చి 9. నాలుగూ మంచివి."

తర్వాతి రెండింటి మీద వేరే ఊళ్ళ పేర్లు వచ్చాయి. ఒకటి కోయిలకుంట్ల వాళ్ళ మైకు సెట్టుది, ఇంకోటి సంజామలది. వాటిని పక్కన పెట్టారు. అయిదోదాని మీద శెట్టి నంబరే. దాని కింద: "శెట్టి మా ఇంటికొచ్చి అడిగితే ఇయ్యాల. అమ్మగూడదు."

శెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"దొంగసొత్తు మీద ఎవుడన్నా సొంతదారు పేరు రాసి పెట్టుకుంటాడా? వచ్చి అడిగితే ఇయ్యాల అని రాసుకుంటాడా? నేను అడగల్యా. అడక్కుండానే అనేసినా."

హుమేరా ఏడ్చింది. దాచుకోలేదు. తండ్రి చచ్చేదాకా నోరు విప్పకుండా మోసిన మాట, ఆయన పోయాక తన వీపుకెక్కిన మాట, ఇప్పుడు అన్నవాడి నోటి నుంచే వెనక్కి పోతోంది. చున్నీతో ముఖం తుడుచుకుని ఆరోది అందుకుంది.

అప్పుడే శెట్టి భార్య అనసూయమ్మ టీ గ్లాసులతో వచ్చింది. సన్నటి మనిషి, నిటారుగా నడుస్తుంది. ఒకప్పుడు టాకీస్ డేరాలో ఆట మొదలయ్యే ముందు మైకులో "ఆడోళ్ళు ఇట్లా కూసోండి, మొగోళ్ళు అట్లా" అని చెప్పింది ఈమే. ఆ గొంతు వినడానికే టిక్కెట్టు కొన్నవాళ్ళున్నారని ఆ రోజుల్లో చెప్పుకునేవారు.

హుమేరా ఆరో వాల్వు మీద ఊదింది. రెండే ముక్కలున్నాయి. "తెచ్చి ఇచ్చింది" అని ఒకటి, దాని పక్కన పేరు.

చదివి తలెత్తింది. అనసూయమ్మ అక్కడే నిలబడి ఉంది, ఆ గాజు వైపే చూస్తూ.

"ఏముంది దాని మీద?" శెట్టి అడిగాడు.

హుమేరా అనసూయమ్మనే చూస్తోంది. ఆవిరి ఆరిపోయింది.

"పేరుంది" అంది అనసూయమ్మ, గ్లాసులు బల్ల మీద పెట్టి. శెట్టి చెవికి అందలేదని ఎడమవైపు వంగి మళ్ళీ అంది. "పేరుంది. అది నేను చెప్తా. ముందు వాల్వులు పెట్టు పాపా. పాడనీ."

హుమేరా నాలుగింటినీ ఒక్కొక్కటిగా సాకెట్లలో కూర్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కసారిగా కరెంటు ఇస్తే తట్టుకోలేవని, తండ్రి నేర్పినట్టే మధ్యలో వంద క్యాండిల్ బల్బు కట్టి స్విచ్చి వేసింది. బల్బు ఒకసారి భగ్గుమని, మెల్లగా నెమ్మదించింది. అంటే లోపల అంతా క్షేమం. అప్పుడు బల్బు తీసేసి పూర్తి కరెంటు ఇచ్చింది.

మొదట ఏమీ లేదు. తర్వాత గాజు అడుగున దానిమ్మ గింజంత ఎరుపు. అది పైకి పాకి నారింజ రంగుకు తిరిగింది. నాలుగూ ఒకేలా, ఒకే వేగంతో వెలిగాయి. వేడెక్కిన దుమ్ము వాసన గదంతా నిండింది. శెట్టి పిల్లవాడిలా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వెలుగు ముఖాన పడుతుంటే చేతులు జోడించాడు. దేవుడికో, మదారుకో, నేను అడగలేదు.

"హారన్ బజారు తట్టు తిప్పు" అంది అనసూయమ్మ.

"ఎందుకమ్మా?"

"తిప్పు పాపా. బజార్లో అన్న మాట బజార్లోనే తీసేయల్ల."

రెండు తలుపులూ తనే బార్లా తెరిచింది. హుమేరా హారన్ తిప్పి, మైకు తగిలించింది. అనసూయమ్మ పాత అలవాటుతో దాన్ని నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పట్టుకుంది. మాట్లాడే ముందు ఒక్కసారి గాలి పీల్చింది.

ఆ పీల్చడమే వినపడింది. గరగర లేదు, బుస లేదు. ఒక మనిషి లోపలికి గాలి తీసుకోవడం, పెదవులు విడివడడం, నాలుక తడి, అంతా చెవి పక్కనే జరిగినట్టు. హుమేరా ఫోన్లలో, బ్లూటూత్ డబ్బాల్లో విన్న వేల గొంతుల్లో ఒక్కటీ ఇంత దగ్గరగా రాలేదు. తండ్రి చచ్చేదాకా ఈ గాజు ముక్కల్ని ఎందుకు పట్టుకుని వేలాడాడో ఆ క్షణాన ఆమెకు తెలిసింది.

"ఏమయ్యా, వినపడతాందా?" అంది అనసూయమ్మ.

శెట్టి చెవిమిషను పీకేశాడు. అతనికి దాంతో పనిలేదు. "వినపడతాంది" అన్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే. "నీ గొంతు... అట్లే ఉంది."

"అయితే విను. బజారోళ్ళు గూడా వినండి. మదార్ దొంగ కాదు. వాల్వులు తీసింది నేను. ఆ నాలుగూ చీరకొంగులో మూటగట్టి నంద్యాలకు తీసకపోయి ఆయప్ప చేతిలో పెట్టింది నేను."

పక్క షెడ్డులో ఉలి చప్పుడు ఆగింది. ఆ బజారులో పగలు ఆ చప్పుడు ఆగగా ఎవరూ వినలేదు. రోడ్డు మీద ఆటో కూడా ఇంజను ఆపుకుంది.

"ఎందుకు?" అన్నాడు శెట్టి.

"నిన్ను ఇడ్సిపెట్టి పోయినా గనక. మూడు నెల్లు నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడల్యా. పొద్దస్తమానం ఆ పెట్టె తోనే నీ సంసారం. నా కోసం రాకపోయినా వీటి కోసమన్నా ఎనకాల వస్తావనుకున్యా. శెట్టి వచ్చి అడిగితే ఇయ్యి, నేను యాడుండేదీ చెప్పు అని మదారుకు చెప్పినా. పదకొండు దినాలు చూసినా. నువ్వు రాల్యా. సంజామలలో మా యక్క ఇంటికి పోయింటాననుకున్యావు. నువ్వే పోయి అడగల్లని వాల్వులు ఆడ్నే ఇడ్సి, నేనే ఎనక్కొచ్చినా. నేను పోయినంక టాకీసు ఆపి పెట్టెకు గుడ్డ కప్పేస్తివి. వాల్వులు ల్యావని నీకు తెలిసింది సంవత్సరానికి."

శెట్టి రెండు చేతులూ బల్లకు ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు ఆయప్పను దొంగన్న దినం, ఆయప్ప మన వాకిలి తట్టు చూసినాడు. చెప్పల్లనా అని నన్నడిగినాడు, కండ్లతో. నేను వద్దని తలూపినా." అనసూయమ్మ గొంతు మొదటిసారి పగిలింది. ఆ పగులు కూడా హారన్‌లోంచి ఉన్నదున్నట్టు బజారు మీద పడింది. "సచ్చేదాకా ఆయప్ప మాట మీద నిలబన్యాడు. నేను నిలబల్యా. దొంగను చూడల్లంటే ఇదో, ఈడుండా. దినామూ నీకు అన్నం పెడతాండేది ఆ దొంగే."

హుమేరా గడప మీద కూర్చుంది. తండ్రి మచ్చ పోయింది, బజారంతా వింది. సంతోషంతో గంతులు వేయాలి కదా! కానీ ఒక మాట ముల్లులా దిగి కదలడం లేదు.

"అమ్మా" అంది. "ఆ పదకొండు దినాలు నంద్యాలలో యాడుంటివి?"

అనసూయమ్మ మైకు దించి, హారన్‌లోకి పోకుండా అరచేత్తో మూసింది. ఇది బజారు మాట కాదన్నమాట.

"నీకు తొమ్మిదేండ్లు అప్పుడు. సేమియా వండిపెట్టిన అత్త గుర్తుందా? మీ యమ్మ పక్కన పండుకుంటి ఆ పదకొండు దినాలూ. నా పేరు యాడా బయటికి రాదని మీ యమ్మ ఖురాన్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది."

హుమేరాకు గుర్తొచ్చింది. నల్లపూసలు తీసి అలమారలో పెట్టిన అత్త. రాత్రుళ్ళు గోడ వైపు తిరిగి పడుకున్న అత్త. ఆమె వెళ్ళిపోయాక, అడిగితే, ఎవరూ రాలేదు పో అని కసిరిన అమ్మ.

క్యారియర్ పక్కన పెట్టిన ఫోన్ మోగింది. అమ్మ. హుమేరా ఎత్తి, "సేమియా అత్త నా కండ్ల ముందరే ఉందమ్మా" అంది. నాలుగు వాల్వులూ ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

"బేటీ" అంది మాబున్నీ. "అన్ని తూర్లు తోమితిని గదా. పేరు ఎట్లా కనపడె?"